అమ్మకు పార్కిన్సన్స్: మతిమరుపు కాదు, బద్ధకమూ కాదు, మరి ఈ తడబాటు ఏమిటి?

ప్రశ్న (రాజమండ్రి ఆడపడుచు)

మా అమ్మకు 67 ఏళ్ళు. ఆరేళ్ళ క్రితం కుడిచేతి వేళ్ళు వణకడంతో మొదలై, అది పార్కిన్సన్స్ అని తేలింది. అమ్మ, నాన్నగారు రాజమండ్రిలో ఉంటారు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ నెలకొకసారి వెళ్ళి వస్తుంటాను. వణుకుకూ, నడకలో వచ్చిన నెమ్మదికీ మందులు వాడుతూనే ఉన్నాం. అవి చాలావరకు అదుపులోనే ఉన్నాయి. నన్ను కలవరపెడుతున్న సంగతి వేరే ఉంది.

పోయిన నెల నేను వెళ్ళినప్పుడు అమ్మ పులిహోర చేస్తానంది. నలభై ఏళ్ళుగా ఇంటిల్లిపాదికీ, పండగ వస్తే వీధిలో సగం మందికీ చేసిపెట్టిన మనిషి. ఒక పొయ్యి మీద చింతపండు గుజ్జు ఉడుకుతోంది, రెండో పొయ్యి మీద పోపుకు నూనె కాగుతోంది, అన్నం బేసిన్‌లో ఆరబోసి ఉంది. అమ్మ పసుపు డబ్బా పట్టుకుని పొయ్యి ముందు అలాగే నిలబడిపోయింది, నూనె పొగలు వచ్చేదాకా కదలలేదు. నేను పొయ్యి కట్టేసి "తర్వాత ఏమిటమ్మా?" అని అడిగితే మాత్రం, కాసేపు ఆగి, శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకు అంటూ ఒక్కటీ వదలకుండా చెప్పింది.

ఆ సాయంత్రమే వరండాలో కూర్చున్న మామయ్యకు కాఫీ తీసుకువెళుతుంటే, ఆయన దారి మధ్యలోనే ఏదో పెళ్ళి సంబంధం గురించి అడిగారు. అమ్మ ఆగిపోయి జవాబు చెప్పబోయింది. చెప్పబోయేసరికి చేతిలో గ్లాసు ఒరిగి సగం కాఫీ నేలపాలైంది. "ధ్యాస ఎక్కడ పెట్టుకున్నావు?" అని నాన్నగారు విసుక్కుంటే అమ్మ మారుమాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఇంట్లో రెండు వాదాలు నడుస్తున్నాయి. అల్జైమర్స్ మొదలైందని నాన్నగారి భయం. అమ్మకు బద్ధకం ఎక్కువైందని తమ్ముడి నమ్మకం. ఆరు నెలల క్రితం ఒక డాక్టరుగారు తేదీ, వారం, ఊరి పేరు, మూడు మాటలు గుర్తుంచుకోవడం వంటివి అడిగే 30 మార్కుల పరీక్ష పెడితే అమ్మకు 28 వచ్చాయి, "మెదడుకు ఏమీ లేదు" అన్నారు. వాడు ఆ కాగితం చూపిస్తున్నాడు. ఈ రెండింటిలో ఏదీ నాకు సరైనదిగా తోచడం లేదు. పార్కిన్సన్స్ ఆలోచనను కూడా పట్టుకుంటుందా? పట్టుకుంటే ఈసారి డాక్టరుగారిని ఏమని అడగాలి?

జవాబు (క్లినికల్ సైకాలజిస్టు, విశాఖపట్నం)

పట్టుకుంటుందండి. ఈ జబ్బును 1817లో తొలిసారి వివరంగా రాసిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్, తాను గమనించిన ఆరుగురి ఆధారంగా, రోగి ఇంద్రియాలూ బుద్ధీ చెడకుండా ఉంటాయని రాశారు. ఆ మాట ఎంత గట్టిగా నిలిచిపోయిందంటే, ఇప్పటికీ చాలామంది దీనిని చేతులూ కాళ్ళ జబ్బుగానే చూస్తారు. నిజానికి డిమెన్షియా (రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేనంతగా ఆలోచన, జ్ఞాపకం దెబ్బతినడం) లేని పార్కిన్సన్స్ రోగులలో సుమారు నలుగురిలో ఒకరికి, పరీక్షిస్తే పట్టుబడేంత ఆలోచనా లోపం ఉంటుంది. కొందరిలో అది జబ్బు బయటపడే నాటికే ఉంటుంది.

మీరు చెప్పిన పులిహోర సంగతి నేను క్లినిక్‌లో చూసేదానికి అచ్చమైన ఉదాహరణ. మెదడు లోపల బేసల్ గాంగ్లియా అనే భాగం నుదుటి వెనుక ఉన్న మెదడు భాగంతో నిరంతరం మాట్లాడుతూ ఉంటుంది. ఏ పని ముందు, ఏది తరువాత, ఇప్పుడు దీనిని ఆపి దాని మీదకు ఎప్పుడు మళ్ళాలి అనే తీర్మానాలు ఆ రెండింటి మధ్య జరుగుతాయి. ఈ రాకపోకలకు కావలసిన డోపమైన్ అనే రసాయనం తగ్గిపోతే, మనిషికి తెలిసిన విషయాలు చెరిగిపోవు. వాటిని వేళకు బయటికి తీసి వరసలో పెట్టడం కష్టమవుతుంది. అందుకే మీరు "తర్వాత ఏమిటి?" అని చిన్న ఆసరా ఇవ్వగానే వరస మొత్తం వచ్చేసింది. అల్జైమర్స్ తొలి దశలో సాధారణంగా ఇందుకు భిన్నంగా ఉంటుంది: కొత్త విషయం లోపల నిల్వ కావడమే దెబ్బతింటుంది కనుక, ఆసరా ఇచ్చినా పెద్దగా ఉపయోగం కనిపించదు. ఈ ఒక్క గుర్తుతోనే జబ్బును నిర్ణయించకూడదు కానీ, మీ నాన్నగారి భయానికి ఇది కొంత ఊరట.

కాఫీ గ్లాసు సంగతి ఇంకా ముఖ్యం. మన భాషలో "చెయ్యి తిరిగిన పని" అనే చక్కని మాట ఉంది. చెయ్యి తిరిగిందంటే, ఇక ఆ పనికి ధ్యాస అక్కరలేదని అర్థం. నడక, బొత్తాలు పెట్టుకోవడం, గ్లాసు నిటారుగా పట్టుకోవడం అన్నీ అలాంటివే. ఆ అలవాటు పనులను నడిపే చోటే పార్కిన్సన్స్ ముందుగా దెబ్బకొడుతుంది. దానితో ఒకప్పుడు తమంతట తాము జరిగిపోయిన పనులను మీ అమ్మగారు ఇప్పుడు ప్రతిసారీ ధ్యాస పెట్టి చేయవలసి వస్తోంది. ధ్యాస అంతా నడకకూ గ్లాసుకూ ఖర్చయిపోతుంటే, మామయ్యగారి ప్రశ్నకు మిగిలేది ఏముంటుంది? ఉన్న కొంచెమూ జవాబుకు మళ్ళింది, గ్లాసు ఒరిగింది. ఆమె ధ్యాస పెట్టలేదన్న మాట సరికాదు. మనకంటే ఎక్కువ ధ్యాస పెట్టే ఆ గ్లాసు మోస్తున్నారు.

ఇక ఆ 28 మార్కుల కాగితం. మీ వర్ణనను బట్టి అది 1975 నుంచి వాడుకలో ఉన్న ఎం.ఎం.ఎస్.ఇ. అనే పరీక్ష అయి ఉంటుంది. అందులో ప్రణాళిక వేయడాన్ని, ఒక పని నుంచి మరొక పనికి మళ్ళడాన్ని కొలిచేది దాదాపు ఏమీ లేదు. మోకా అనే మరో 30 మార్కుల పరీక్ష ఉంది. అందులో అంకెలనూ అక్షరాలనూ మార్చి మార్చి గీతతో కలపడం, పదకొండు గంటల పది నిమిషాలు చూపే గడియారం గీయడం, అంకెలను వెనుక నుంచి చెప్పడం వంటివి ఉంటాయి. మొదటి దానిలో 28 వచ్చినవారు రెండవ దానిలో 22 దగ్గర ఆగిపోవడం మాకు కొత్త కాదు. తెలుగులోనే పెట్టమని అడగండి, చదువు ఎంతవరకు అయిందో ముందే చెప్పండి, మాత్ర బాగా పనిచేస్తున్న వేళలో పరీక్ష జరిగేలా చూసుకోండి. ఆ 28 మార్కుల కాగితం గురించి మీ తమ్ముడితో కొట్లాడడం కంటే, ఒక పూట అమ్మతో కలిసి వంటింట్లో నిలబడమని చెప్పండి.

అన్నిటికంటే ముందు మందుల చీటీలన్నీ ఒకచోట పెట్టండి. వణుకు కోసం ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర ఉందేమో చూడండి. ధ్యాసకూ జ్ఞాపకానికీ అవసరమైన అసిటైల్‌కోలీన్‌ను అది అడ్డుకుంటుంది. పార్కిన్సన్స్‌లో ఆ రసాయనం కూడా తగ్గే ఉంటుంది కనుక, పెద్ద వయసువారిలో తికమకకు ఇది తరచుగా కనిపించే కారణం. మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, నిద్రకోసమో నొప్పికోసమో ఇచ్చే అమిట్రిప్టిలిన్, జలుబు మాత్రలలో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ కూడా ఇదే కోవలోనివి. ఏదీ మీ అంతట మీరు ఆపవద్దు. పట్టిక రాసుకుని వెళ్ళి అడగండి.

జవాబు (రిటైర్డు బ్యాంకు క్యాషియర్, వరంగల్)

అమ్మాయీ, నాకు ఈ జబ్బు వచ్చి ఎనిమిదేళ్ళయింది. సైకాలజిస్టుగారు బయటి నుంచి చెప్పినదానిని నేను లోపలి నుంచి చెబుతాను.

ముప్పై రెండేళ్ళు కౌంటరులో కూర్చుని, పక్కన ఇద్దరు మాట్లాడుతున్నా, ఫోను మోగుతున్నా నోట్ల కట్ట లెక్క తప్పని మనిషిని నేను. ఇప్పుడు ఫోనుకు వచ్చిన ఓటీపీ ఆరంకెలను చూసి, పక్క తెరలోకి వెళ్ళి కొట్టేలోపు మొదటి మూడే మిగులుతాయి. అంకెలు మరిచిపోయానని అంటే అది సరైన మాట కాదు. వాటిని పట్టుకుని ఉండగానే వేలితో తెర మార్చాలి, ఆ వేలు వణకకుండా చూసుకోవాలి, గడువు అయిపోతుందన్న ఆదుర్దాను అణచుకోవాలి. వీటన్నిటిలో ఏదో ఒకటి జారిపోతుంది, ఎక్కువసార్లు జారేవి అంకెలే. ఇప్పుడు మా ఆవిడ అంకెలను కాగితం మీద రాసి పక్కన పెడుతుంది, నేను చూసి కొడతాను. ఆరోజు నుంచి గొడవ లేదు.

మీ ఇంట్లో వారికి నా తరఫున రెండు విన్నపాలు. మొదటిది, ఏదైనా అడిగితే జవాబు కోసం ఆగండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. నా మటుకు నాకు జవాబు తెలుసు, అది నోటి దాకా రావడానికే ఆలస్యమవుతుంది. ఈలోపు పక్కవారు అందుకుని నా బదులు చెప్పేస్తే, నేను తయారుచేసుకున్నది కాస్తా చెదిరిపోయి మళ్ళీ మొదటికి వస్తుంది. ఇలా పదిసార్లు జరిగాక మాట్లాడడమే మానేస్తాం. అప్పుడు "ఈయనకు దేని మీదా ఆసక్తి లేదు" అంటారు. రెండవది, మా ముఖం చూసి మా మనసును అంచనా వేయకండి. ఈ జబ్బులో ముఖ కండరాలు బిగుసుకుపోతాయి, గొంతు తగ్గిపోతుంది. వింటున్నా విననట్టే కనిపిస్తాం, నవ్వుతున్నా నవ్వనట్టే ఉంటాం. మీ అమ్మగారు మారుమాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయారన్నారే, ఆమెకు చెప్పడానికి ఏమీ లేకకాదు, చెప్పే వ్యవధి దొరకక వెళ్ళిపోయి ఉండవచ్చు.

ఇంకొక విషయం, వేళ. నేను ఉదయం ఎనిమిదింటికి లెవోడోపా (మెదడులో డోపమైన్‌గా మారే మాత్ర) వేసుకుని అరగంట ఆగి ఇడ్లీ తింటాను. పప్పు, పాలు వంటి మాంసకృత్తులున్నవి మాత్రతో పాటు తీసుకుంటే అది సరిగా ఒంటికి పట్టదు. తొమ్మిది నుంచి పదకొండు వరకు నా బుర్ర నాది. కరెంటు బిల్లు, ఏటా నవంబరులో పెన్షన్ కోసం ఇచ్చే జీవన ధ్రువీకరణ పత్రం, మనవడి లెక్కలు అన్నీ ఆ రెండు గంటల్లోనే. మధ్యాహ్నం మాత్ర దిగిపోయే వేళకు ఎవరైనా సంతకం పెట్టమని కాగితం తెస్తే, రేపు పొద్దున రమ్మంటాను. మీ అమ్మగారు పులిహోర ఏ వేళకు మొదలుపెట్టారో ఒకసారి గుర్తుచేసుకో తల్లీ.

జవాబు (తండ్రిని చూసుకున్న కొడుకు, గుంటూరు)

మా నాన్నగారు పదిహేనేళ్ళు ఈ జబ్బుతో ఉన్నారు, చివరి నాలుగేళ్ళు డిమెన్షియా కూడా వచ్చింది. అందరికీ అలాగే జరుగుతుందని చెప్పడం లేదు. కానీ మాకు ఎవరూ చెప్పక ఆలస్యంగా తెలిసినవి కొన్ని ఉన్నాయి.

నెలల తరబడి నెమ్మదిగా వచ్చే మార్పు వేరు, రెండు రోజుల్లో వచ్చే మార్పు వేరు. ఒక శనివారం నాన్నగారు నన్ను గుర్తుపట్టలేదు, అటక మీద ఎవరో చిన్నపిల్లవాడు కూర్చున్నాడన్నారు. జబ్బు ముదిరిందని మేము ఏడ్చాం. పరీక్షలో తేలింది మూత్రంలో ఇన్ఫెక్షన్. దానికి మందు పడ్డాక వారానికి మనిషి తిరిగి మామూలయ్యారు. వేసవిలో నీళ్ళు తక్కువ తాగినా, నాలుగు రోజులు విరేచనం కాకపోయినా ఇదే తంతు. కాబట్టి ఉన్నట్టుండి తికమక వస్తే దానిని పార్కిన్సన్స్ ఖాతాలో వేయకుండా, ఆరోజే డాక్టరుకు చూపించండి.

ఆ సమయంలోనే ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్నవారు ఆయన అరుస్తున్నారని హాలోపెరిడాల్ ఇంజెక్షన్ ఇచ్చారు. తెల్లవారేసరికి కట్టెలా బిగుసుకుపోయి, మంచినీళ్ళు కూడా మింగలేకపోయారు. ఆ మందు డోపమైన్‌ను అడ్డుకుంటుంది. ఈ జబ్బు ఉన్నవారికి అది కూడదు. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ సంగతీ అంతే. అప్పటి నుంచి ఈ రెండు పేర్లూ రాసిన అట్టముక్కను ఆయన చొక్కా జేబులో ఉంచేవాళ్ళం. మీరూ అమ్మగారి మందుల సంచిలో ఒకటి పెట్టండి.

డబ్బు విషయం రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. జబ్బు తొలి ఏళ్ళలో నాన్నగారికి ప్రమిపెక్సోల్ అనే మాత్ర ఇచ్చారు. జీవితంలో పేక ముట్టని మనిషి రాత్రంతా ఫోనులో రమ్మీ ఆడడం మొదలుపెట్టారు. వయసు మీద పడ్డాక వచ్చిన వ్యసనమని అమ్మ కుమిలిపోయింది. ఆ తరహా మందులు కొందరిలో జూదం, అదేపనిగా కొనడం, తినడం వంటి ఆపుకోలేని ఆరాటాన్ని తెస్తాయని మాకు తెలిసేసరికి రెండేళ్ళు గడిచాయి. మోతాదు తగ్గించిన రెండు నెలల్లో ఆయనే ఫోను పక్కన పడేశారు. అప్పటిదాకా ఆయనను అన్న మాటలను మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాం.

జవాబు (ఆయుర్వేద అభిమాని, కర్నూలు)

కంపవాతానికి మన పెద్దలు దూలగొండి గింజలు వాడేవారు. వాటిలో సహజంగానే ఈ లెవోడోపా ఉందని ఆధునికులు కూడా ఒప్పుకున్నారు. ఇన్ని రసాయనాల బదులు ఆ చూర్ణం పాలతో ఇచ్చి చూడండి, బుద్ధి కూడా చురుకవుతుంది.

జవాబు (క్లినికల్ సైకాలజిస్టు, విశాఖపట్నం)

గింజలలో లెవోడోపా ఉన్న మాట పూర్తిగా నిజం, నా అభ్యంతరం కూడా అందువల్లే. ఉన్నది అదే మందు అయినప్పుడు, మాత్రలకు తోడు చెంచాడు చూర్ణం వేస్తే ఎంత మందు లోపలికి పోయిందో ఎవరికీ లెక్క ఉండదు; ఒక డబ్బాకూ మరొక డబ్బాకూ పాళ్ళు మారతాయి. మోతాదు మించితే లేనివి కనిపించడం, రక్తపోటు పడిపోవడం, తికమక ఎక్కువవుతాయి. పైగా పాలతో ఇస్తే ఏమవుతుందో వరంగల్ పెద్దాయన పైన రాసే ఉన్నారు. ఇవ్వాలనే ఉంటే న్యూరాలజిస్టుకు చెప్పి ఇవ్వండి, దాచి ఇవ్వవద్దు.

గుంటూరు మిత్రులు రాసినదానికి ఒక చేర్పు. డిమెన్షియా దాకా వెళ్ళినవారికి రివాస్టిగ్మిన్ అనే మందు ఉంది. అమెరికాలో 2006 నుంచి పార్కిన్సన్స్ డిమెన్షియాకు అనుమతి ఉంది. లాభం ఓ మోస్తరుగానే ఉంటుంది, వికారం రావచ్చు, కొందరిలో వణుకు కొంచెం పెరుగుతుంది. ప్రశ్న అడిగినవారి అమ్మగారు మీ వర్ణనను బట్టి ఆ దశలో ఉన్నట్టు నాకు తోచడం లేదు, అయితే ఆ మాట తేల్చవలసింది చూసిన డాక్టరు.

మరచిపోయిన ముఖ్యమైన పరీక్ష: పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడిన మూడు నిమిషాలకు మరొకసారి రక్తపోటు చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకు మించి గానీ పడిపోతే, నిలబడినప్పుడల్లా మెదడుకు రక్తం చాలడం లేదని అనుమానించాలి. వంట చేసేది నిలబడే కదా. థైరాయిడ్, బి12 కూడా చూపించండి. నిద్రలో అరవడం, చేతులు విసరడం ఉందేమో నాన్నగారిని అడగండి. మనసులో దిగులు ఉందేమో అమ్మగారినే అడగండి.

ప్రశ్న అడిగినవారి తిరుగు జవాబు (పది వారాల తరువాత)

అందరికీ నమస్కారం. ఆలస్యానికి మన్నించండి, ఏదైనా తేలాక రాద్దామని ఆగాను.

చీటీలన్నీ వెతికితే ట్రైహెక్సీఫెనిడిల్ 2 మి.గ్రా. రోజుకు మూడుసార్లు చొప్పున ఐదేళ్ళుగా నడుస్తోంది; వణుకు ఎక్కువగా ఉన్న రోజుల్లో మొదలుపెట్టినది, ఆ తరువాత ఎవరూ దాని వైపు చూడలేదు. న్యూరాలజిస్టు ఒక్కసారిగా ఆపకూడదని చెప్పి, కొన్ని వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గించారు. వణుకు కాస్త పెరిగింది, అమ్మ దానికి పెద్దగా బాధపడడం లేదు. రక్తపోటు పడుకున్నప్పుడు 138/82, నిలబడిన మూడు నిమిషాలకు 104/66 వచ్చింది. ఎప్పటి నుంచో వాడుతున్న బి.పి. మాత్ర మోతాదు సగం చేశారు, నీళ్ళు ఎక్కువ తాగమన్నారు. మోకా తెలుగులో పెట్టారు, 21 వచ్చాయి. గడియారంలో అంకెలన్నీ ఒక పక్కకే చేరాయి. ఆ కాగితం చూసి తమ్ముడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. డిమెన్షియా కాదని, తేలికపాటి లోపమని, ఆరు నెలలకోసారి చూడాలని చెప్పారు.

అద్భుతాలేమీ జరగలేదు. పగటిపూట మగతగా ఉండడం తగ్గింది, మాటల మధ్య ఎడం తగ్గింది. అమ్మ చేతిలో ఏదైనా ఉన్నప్పుడు పలకరించకూడదని ఇంట్లో నియమం పెట్టుకున్నాం. దానిని ఎక్కువసార్లు తప్పేది నాన్నగారే, తప్పినప్పుడల్లా నాలుక కరుచుకుంటున్నారు. వరంగల్ బాబాయిగారూ, మీరు అడిగినట్టు గుర్తుచేసుకుంటే, ఆనాడు పులిహోర మొదలుపెట్టింది పన్నెండున్నరకు, ఒంటిగంట మాత్రకు ముందు.

మొన్న ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు మళ్ళీ చేశాం. ఒకే పొయ్యి వెలిగించాం, టీవీ కట్టేశాం. పోపు సామాను ఆరు గిన్నెల్లో వేసి, వేయవలసిన వరసలో ఎడమ నుంచి కుడికి పేర్చి పెట్టాను. అమ్మ గరిటె పట్టుకుని వచ్చి, గిన్నెల వైపు చూసి, కొంతసేపు అలాగే నిలబడింది. మళ్ళీ ఆగిపోయిందేమోనని నాకు గుండె జారింది. పది లెక్కపెట్టాను. అప్పుడు ఎండుమిరపకాయల గిన్నెను పక్కకు జరిపి, దాని చోట శనగపప్పు పెట్టి, "ముందు మిరపకాయలు వేస్తే పప్పు వేగేలోపు మాడి బొగ్గవుతాయి, ఇన్నేళ్ళు వచ్చాయి నీకు, ఇదీ తెలియదా?" అంది.